ఆజ్ఞ వేరు, విలువ వేరు

మన తెలుగు సంఘాల సభ్యత్వ పట్టిక ఒకప్పుడు కార్యదర్శిగారి ఇంట్లో ఒక నోటుపుస్తకం రూపంలో ఉండేది. నేడు అది డేటాబేసుగా మారి కంప్యూటరులో చేరింది. సభ్యుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు, పిల్లల వయస్సులు, ఏ కుటుంబం ఎంత విరాళం ఇచ్చిందన్న వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. నోటుపుస్తకం చూడాలంటే కార్యదర్శిగారి గడప తొక్కవలసి వచ్చేది. డేటాబేసును చేరడానికి మాత్రం ప్రపంచంలో ఏ మూల నుంచైనా వెబ్ పేజీలోని ఒక గడిలో నాలుగు అక్షరాలు టైపు చేస్తే చాలు. ఆ అక్షరాలు డేటాబేసును ఏ విధంగా చేరుతాయి? చేరేటప్పుడు అవి కేవలం 'విలువ'గానే ఉంటాయా, లేక దారిలో 'ఆజ్ఞ'గా మారిపోతాయా? ఈ ప్రశ్నను, దానికి కంప్యూటరు శాస్త్రజ్ఞులు కనుగొన్న చక్కని సమాధానాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం వ్రాయవలసినవారు కంప్యూటరు ఇంజనీర్లు కదా, రసాయన శాస్త్రజ్ఞుడికి ఇందులో పనేమిటి అని పాఠకులు అడుగవచ్చు. నేటి పరిశోధనాగారంలో పరీక్షనాళిక ఎటువంటిదో డేటాబేసు కూడా అటువంటి పరికరమే. తయారుచేసిన ప్రతి పదార్థం పేరు, దాని ద్రవీభవన స్థానం, అది పాల్గొన్న ప్రతి పరీక్ష ఫలితం అందులోకి ఎక్కవలసిందే. పైగా నేను చెప్పబోయే చిక్కు మా పదార్థాల పేర్లలోనే దాగి ఉన్నది.

ప్రశ్న అడిగే భాష

సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, గణితంలోని సంబంధాల సిద్ధాంతం ఆధారంగా దానిని ప్రశ్నించవచ్చునని 1970లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక పరిశోధనా పత్రంలో ప్రతిపాదించాడు. అదే సంస్థకు చెందిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయ్స్ 1974లో అందుకు తగిన భాష ఒకటి ప్రకటించారు. 'సీక్వెల్' అని వారు పెట్టిన పేరు తరువాత 'ఎస్‌క్యుఎల్'గా మారింది. 1986లో అమెరికా జాతీయ ప్రమాణంగాను, 1987లో అంతర్జాతీయ ప్రమాణంగాను ఆ భాషకు గుర్తింపు లభించింది. బ్యాంకు ఖాతా మొదలు విమానం టిక్కెట్టు వరకు నేడు మనం తాకే డేటాబేసులలో అనేకం ఈ భాషనే అర్థం చేసుకుంటాయి.

ఎస్‌క్యుఎల్‌లోని మాటలు ఇంగ్లీషువే అయినా మనకు కావలసింది వాక్యనిర్మాణం మాత్రమే కనుక దానిని తెలుగు మాటలలోనే చూపిస్తాను.

సభ్యుల పట్టికలో ఇంటిపేరు = 'తాడేపల్లి' అయిన వరుసలను చూపుము

ఈ వాక్యంలో రెండు రకాల పదార్థం ఉన్నది. ఒంటి కొటేషను గుర్తుల మధ్య ఉన్నది విలువ. మిగిలినదంతా ఆజ్ఞ. ఏ పట్టిక చూడాలి, ఏ నిలువు వరుసతో పోల్చాలి, దొరికినదానిని ఏమి చేయాలి అన్నది ఆజ్ఞ చెబుతుంది. దేనితో పోల్చాలన్నది విలువ చెబుతుంది. ఆజ్ఞను నిర్ణయించేవారు ప్రోగ్రాము వ్రాసినవారు. విలువను ఇచ్చేవారు వెబ్ పేజీ ముందు కూర్చున్న ఎవరో ఒకరు. వీరిద్దరూ ఒకరినొకరు ఎరుగరు.

ప్రోగ్రాము వ్రాయడం కొత్తగా నేర్చుకున్నవారికి ముందుగా తోచే పద్ధతి అతికించడం. ఆజ్ఞలోని మొదటి భాగం, గడిలో టైపు చేసిన అక్షరాలు, ఆజ్ఞలోని చివరి భాగం - ఈ మూడింటినీ వరుసగా అతికించి, ఏర్పడిన వాక్యాన్ని డేటాబేసుకు పంపుతారు. 'తాడేపల్లి' అన్నా 'రెడ్డి' అన్నా పని చక్కగా జరుగుతుంది. అందుచేత ఆ పద్ధతిలో లోపం ఉన్నదన్న సంగతి చాలాకాలం బయటపడదు.

పేరులోనే ఉన్న చిక్కు

ఇప్పుడు ఐర్లండు దేశపు ఇంటిపేరు ఓ'బ్రయన్‌ను గాని, గోవా ప్రాంతపు డి'సౌజాను గాని ఆ గడిలో టైపు చేద్దాము. పేరు మధ్యలో ఒంటి కొటేషను గుర్తు ఉన్నది. డేటాబేసు వాక్యాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతూ వచ్చి, ఆ గుర్తు దగ్గర విలువ ముగిసిందనుకుంటుంది. 'ఓ' అన్నదే విలువ, 'బ్రయన్' అన్నది ఆజ్ఞలో తనకు తెలియని ఏదో మాట! వాక్యం తప్పు అని చెప్పి పని ఆపివేస్తుంది.

రసాయన శాస్త్రంలో ఈ గుర్తు ఇంకా తరచుగా వస్తుంది. రెండు పిరిడీన్ వలయాలను కలిపితే బైపిరిడీన్ అవుతుంది. మొదటి వలయంలోని పరమాణువులకు మామూలు అంకెలు వేసి, రెండవ వలయంలోని వాటికి అంకె పక్కన చిన్న గీత పెడతాము. దీనిని ప్రైమ్ అంటాము. 2,2'-బైపిరిడీన్, 4,4'-బైపిరిడీన్ అన్న రెండింటిలోను పరమాణువుల సంఖ్య ఒక్కటే, ప్రవర్తన మాత్రం వేరు. మొదటిది తన రెండు నత్రజని పరమాణువులతో ఒకే లోహ పరమాణువును పట్టకారు వలె పట్టుకుంటుంది. రెండవదానిలో నత్రజనులు చెరొక చివర ఉంటాయి కనుక అది రెండు లోహ పరమాణువుల మధ్య వంతెన అవుతుంది. డి.ఎన్.ఎ. పోగు రెండు చివరలను 5', 3' అని పిలవడం కూడా ఇటువంటిదే. కీబోర్డు మీద ఈ ప్రైమ్ కోసం మనం నొక్కేది సాధారణంగా ఒంటి కొటేషను మీటనే.

"అయితే ఆ గుర్తును టైపు చేయనివ్వకుండా నిషేధిస్తే సరిపోదా?" అన్నది వెంటనే వచ్చే సలహా. సరిపోదు. ఓ'బ్రయన్ గారి పేరు ఆయనది. ప్రైమ్ లేని బైపిరిడీన్ పేరు రెండు వలయాలూ ఎక్కడ కలిశాయో చెప్పలేదు. కంప్యూటరు సౌకర్యం కోసం మనుషుల పేర్లను, పదార్థాల పేర్లను కత్తిరించడం న్యాయం కాదు.

'అని' ఎక్కడ మొదలవుతుంది?

ఈ ఇబ్బంది కంప్యూటరు భాషలకే పరిమితమని అనుకోనక్కరలేదు. మన తెలుగులో ఇతరుల మాటను చెప్పడానికి 'అని', 'అన్నాడు', 'అన్నది' వాడతాము. ఇవి ఒకరి మాట ఎక్కడ ముగిసిందో చెబుతాయి గాని ఎక్కడ మొదలైందో చెప్పవు. 'అమ్మ రావద్దు అన్నది' అనే వాక్యం చూడండి. 'రావద్దు' అన్నవారు అమ్మ కావచ్చు. లేక 'అమ్మ రావద్దు' అన్నది చెల్లెలు కావచ్చు. మాట్లాడేటప్పుడు గొంతు విరుపు వల్ల, సందర్భం వల్ల మనకు అర్థం తెలిసిపోతుంది. కాగితం మీద ఆ విరుపు ఉండదు.

చదువురాని తల్లి ఒకామె పొరుగింటి కుర్రవాడి చేత పట్నంలో ఉన్న కొడుక్కు ఉత్తరం వ్రాయించుకుంటున్నదని అనుకుందాము. మధ్యలో ఆమె "ఆ పాత కాగితాలన్నీ చింపివెయ్యి" అన్నది. అది ఉత్తరంలో వ్రాయవలసిన మాటా, లేక ఎదుట కూర్చున్న కుర్రవాడికి చెప్పిన పనా? కుర్రవాడు ఆమె ముఖం వైపు చూసి గ్రహిస్తాడు. డేటాబేసుకు చూడడానికి ముఖం లేదు. దానికి అందేది ఒకే వరుసలో కలిసిపోయిన అక్షరాలు మాత్రమే. ఏది వ్రాయవలసిన మాటో, ఏది చేయవలసిన పనో నిర్ణయించడానికి దానికున్న ఆధారం ఆ చిన్న కొటేషను గుర్తు ఒక్కటే.

ఆ ఆధారాన్ని బుద్ధిపూర్వకంగా దుర్వినియోగం చేసేవారు కూడా ఉంటారు. ఇంటిపేరు గడిలో ఒకరు ఇట్లా టైపు చేశారనుకోండి.

క' లేక '1' = '1

అతికించిన తరువాత డేటాబేసుకు అందే వాక్యంలోని షరతు ఇది.

ఇంటిపేరు = 'క' లేక '1' = '1'

వ్యాకరణ దోషం ఎక్కడా లేదు. 1 ఎల్లప్పుడు 1కి సమానమే కనుక షరతు ప్రతి వరుసకు నిజమవుతుంది. ఒక్క ఇంటిపేరు గల సభ్యులను చూపవలసిన పేజీ సంఘంలోని సభ్యులందరి వివరాలను తెర మీద పరుస్తుంది. టైపు చేసిన మనిషి ఏ తాళమూ పగులగొట్టలేదు. తాను ఇవ్వవలసిన విలువలో కొంత భాగాన్ని ఆజ్ఞగా చెల్లించుకున్నాడు, అంతే. దీనినే 'ఎస్‌క్యుఎల్ ఇంజెక్షన్' అంటారు.

ఈ లోపాన్ని గురించిన తొలి బహిరంగ చర్చలలో ఒకటి 1998 డిసెంబరులో 'ఫ్రాక్' పత్రికలో వచ్చింది. అప్పటి నుంచి అది నలుగురికీ తెలిసిన విషయమే. అయినా 2015 అక్టోబరులో బ్రిటన్‌లోని టాక్‌టాక్ టెలిఫోను సంస్థ మీద ఇదే పద్ధతిలో దాడి జరిగి 1,56,959 మంది ఖాతాదారుల వ్యక్తిగత వివరాలు బయటపడ్డాయి. వారిలో 15,656 మంది బ్యాంకు ఖాతా సంఖ్యలు కూడా పోయాయి. 2016లో ఆ దేశపు సమాచార కమిషనరు కార్యాలయం సంస్థకు 4,00,000 పౌండ్ల జరిమానా విధించింది. దాడికి దారి ఇచ్చినవి 2009లో కొనుగోలు చేసిన మరొక వ్యాపారం నుంచి సంక్రమించిన పాత వెబ్ పేజీలు. 2023లో మూవిట్ అనే ఫైళ్ళ బదిలీ సాఫ్ట్‌వేరులో ఇదే జాతి లోపం బయటపడి, దానిని వాడుతున్న అనేక సంస్థల సమాచారం దొంగల పాలయింది. పాతికేళ్ళుగా మందు తెలిసిన జబ్బు ఇంకా మనుషులను పట్టి పీడిస్తూనే ఉన్నది.

అతుకులు వేసే వైద్యం

మొదట ప్రచారంలోకి వచ్చిన చికిత్స, విలువలో కొటేషను గుర్తు కనబడినప్పుడల్లా దానికి ముందు మరొక గుర్తు చేర్చడం. కొన్ని డేటాబేసులలో అదే గుర్తును రెండుసార్లు వేస్తారు, కొన్నిటిలో ముందు ఒక వెనుకగీత వేస్తారు. "ఇది విలువ ముగింపు కాదు, విలువలోని అక్షరమే" అని డేటాబేసుకు అర్థమవుతుంది.

ఇది కొంతవరకు పనిచేస్తుంది. కాని ప్రతి గడికి, ప్రతి పేజీలో, ప్రతిసారి మరిచిపోకుండా చేయాలి. వంద చోట్ల చేసి ఒక్క చోట మరిచిపోతే ఆ ఒక్కటే చాలు. అన్ని చోట్లా చేసినా అక్షరాల సంకేత పద్ధతి మోసం చేయవచ్చు. చైనీయులు వాడే జీబీకే అనే పద్ధతిలో ఒక అక్షరానికి రెండు బైట్లు పట్టవచ్చు. వెనుకగీతకు వాడే బైటే అక్కడ ఒక చైనా అక్షరంలోని రెండవ సగం కూడా కాగలదు. సంకేత పద్ధతి తెలియని ప్రోగ్రాము రక్షణ కోసం చేర్చిన వెనుకగీత, దాని ముందున్న బైటుతో జతకట్టి ఒక చైనా అక్షరమైపోతుంది. కొటేషను గుర్తు రక్షణ లేకుండా మిగిలిపోతుంది. నేడు తెలుగుకు వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో ఈ ప్రమాదం లేదు. అయినా గుర్తుకు గుర్తు కాపలా పెట్టే వైద్యంలోని బలహీనత ఇందులో కనిపిస్తుంది. విలువను, ఆజ్ఞను ముందు ఒకే వరుసలో కలిపివేసి, తరువాత విడదీయడానికి తంటాలు పడడమే దీని స్వభావం.

రసాయన శాస్త్రంలో రెండు ద్రవాలను కలిపిన తరువాత వేరుచేయడం శ్రమ. విడివిడి సీసాలలో ఉంచగలిగినప్పుడు కలపకపోవడమే మేలు.

ముందు వాక్యం, తరువాత విలువ

సరైన పద్ధతిలో పని మూడు మెట్లుగా జరుగుతుంది. మొదటి మెట్టు సిద్ధపరచడం. ప్రోగ్రాము విలువలు లేని వాక్యాన్ని డేటాబేసుకు పంపుతుంది. విలువ రావలసిన చోట ఒక ప్రశ్నార్థకం ఉంటుంది.

సభ్యుల పట్టికలో ఇంటిపేరు = ? అయిన వరుసలను చూపుము

ప్రశ్నార్థకం చుట్టూ కొటేషను గుర్తులు లేవని గమనించండి. ఉన్నట్లయితే అది ఖాళీ స్థానం కాక, ప్రశ్నార్థకమనే మామూలు అక్షరమైపోతుంది. డేటాబేసు ఈ వాక్యాన్ని చదివి, వ్యాకరణం సరిచూసి, అటువంటి పట్టిక ఉన్నదా, అడిగినవారికి దానిని చూచే అధికారం ఉన్నదా అని పరిశీలిస్తుంది. వాక్యం అర్థం ఇక్కడితో స్థిరపడిపోతుంది. విలువ ఇంకా రాలేదు.

రెండవ మెట్టు బంధించడం. ఇంగ్లీషులో దీనిని 'బైండింగ్' అంటారు. మా శాస్త్రంలో బంధం అంటే రెండు పరమాణువుల మధ్య ఎలక్ట్రానుల పంపకం. ఇక్కడ అంత గంభీరమైనదేమీ లేదు. "మొదటి ఖాళీకి ఈ విలువ, రెండవ ఖాళీకి ఈ విలువ" అని జత కలపడమే. మూడవ మెట్టు అమలు. డేటాబేసు స్థిరపడిన వాక్యాన్ని, దానికి కట్టిన విలువలతో నడిపి ఫలితం ఇస్తుంది.

ఈ పద్ధతికి బలం ఎక్కడ నుంచి వచ్చింది? పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ డేటాబేసును ఉదాహరణగా తీసుకుందాము. 2003లో వచ్చిన దాని 7.4వ రూపం నుంచి ఈ మూడు మెట్లకు మూడు వేర్వేరు సందేశాలు ఉన్నాయి. విలువలను మోసుకుపోయే సందేశంలో ప్రతి విలువకు ముందు అది ఎన్ని బైట్లున్నదో ఒక అంకె ఉంటుంది. ఓ'బ్రయన్ పేరును ఇంగ్లీషులో వ్రాస్తే, మధ్యలోని గుర్తుతో కలిపి 7 బైట్లు. ముందు 7 అని చెప్పి, తరువాత ఆ 7 బైట్లు పంపుతారు. 'సీత' అని తెలుగులో వ్రాస్తే స, గుడిదీర్ఘం, త అని యూనికోడులో మూడు సంకేతాలు, ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున 9 బైట్లు. డేటాబేసు లెక్క ప్రకారం 9 బైట్లు తీసుకుని ఆగుతుంది. విలువ ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడానికి ఏ గుర్తు కోసమూ వెదకదు. కనుక విలువలో ఎన్ని కొటేషను గుర్తులున్నా, ఎన్ని ఆజ్ఞల మాటలున్నా అవి ఉత్త అక్షరాలే. ఇందాకటి దొంగవిలువను ఈ పద్ధతిలో పంపితే, సరిగ్గా ఆ అక్షరాలే ఇంటిపేరుగా గల సభ్యుడున్నాడా అని డేటాబేసు వెదకి, లేడని చెప్పి ఊరుకుంటుంది.

గుడిలో అర్చన చేయించుకున్న వారందరికీ ఇటువంటి ఏర్పాటు పరిచితమే. పూజారిగారి మంత్రం ముందే స్థిరమై ఉంటుంది. అందులో గోత్రానికి ఒక స్థానం, పేరుకు ఒక స్థానం ఉంటాయి. మనం గోత్రం స్థానంలో ఏ మాట చెప్పినా అది గోత్రంగానే వినబడుతుంది గాని, దానివల్ల మంత్రం మారిపోదు.

ఈ ఏర్పాటు దొంగల భయంతో పుట్టినది కాదన్నది చరిత్రలోని విశేషం. ఒకే రకం ప్రశ్నను పదే పదే అడిగే ప్రోగ్రాములకు వేగం కలిగించడానికి 1970లలోనే ఐబీఎం పరిశోధకులు వాక్యాన్ని ముందుగా సిద్ధపరిచే మార్గాన్ని అమలుచేశారు. 1992 నాటి ఎస్‌క్యుఎల్ ప్రమాణంలో సిద్ధపరచడం, అమలు చేయడం, ప్రశ్నార్థకం మూడూ ఉన్నాయి. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఓడిబిసి, 1997లో జావా భాషతో వచ్చిన జెడిబిసి ఈ సౌకర్యాన్ని ప్రోగ్రాములు వ్రాసేవారి చేతికి అందించాయి. జబ్బు పేరు లోకానికి తెలియకముందే మందు అంగడిలో ఉన్నదన్నమాట.

తొంభై ఆరు గుంటలు, ఒకే వాక్యం

వేగం సంగతి మా పరిశోధనాగారం నుంచి ఒక ఉదాహరణతో చెబుతాను. జీవరసాయన పరీక్షలకు అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక వాడతాము. అందులో 8 వరుసలు, వరుసకు 12 చొప్పున 96 చిన్న గుంటలుంటాయి. ఒక్కొక్క గుంటలో ఒక పరీక్ష జరుగుతుంది. ఫలితాలను డేటాబేసులోకి ఎక్కించాలంటే అతికించే పద్ధతిలో 96 వాక్యాలు తయారవుతాయి. డేటాబేసు 96 సార్లు వ్యాకరణం సరిచూడాలి. సిద్ధపరచిన పద్ధతిలో వ్యాకరణం ఒక్కసారే. తరువాత గుంట సంఖ్య, పదార్థం పేరు, కొలత అనే మూడు విలువలను 96 సార్లు మార్చి కట్టి అమలు చేయడమే.

వేగం ప్రతిసారీ పెరుగుతుందని మాత్రం అనుకోరాదు. ఒక్కసారే అడిగే ప్రశ్నకు సిద్ధపరచడం ఒక అదనపు ప్రయాణం. పైగా విలువ తెలియకుండా అన్వేషణ మార్గం నిర్ణయించడం ఒక్కొక్కసారి నష్టం కలిగిస్తుంది. సభ్యులలో అధికభాగం ఒకే రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం అడిగినవారికి పట్టిక అంతా చదవడమే సులువు. ఇద్దరే సభ్యులున్న రాష్ట్రం అడిగినవారికి సూచిక చూడడం సులువు. అందుకే పోస్ట్‌గ్రెస్ మామూలుగా మొదటి 5 సార్లు వచ్చిన విలువను బట్టి మార్గం వేసి, ఆ తరువాతనే అన్ని విలువలకు పనికివచ్చే ఉమ్మడి మార్గం లాభసాటిగా ఉంటుందా అని పోల్చి చూస్తుంది.

విలువకు జాతి కూడా ఉన్నది

బంధించేటప్పుడు విలువతోపాటు దాని జాతిని కూడా చెప్పవచ్చు. ఇది అక్షరాల వరుసా, సంఖ్యా, తేదీయా అన్నది స్పష్టమవుతుంది. పరదేశంలో ఉన్న మనకు దీని అవసరం బాగా తెలుసు. 03/04 అని వ్రాస్తే అమెరికాలో మార్చి 4, ఇండియాలోను బ్రిటన్‌లోను ఏప్రిల్ 3. తేదీని అక్షరాలుగా అతికిస్తే దానిని ఎట్లా చదవాలో డేటాబేసు తన అమరికను బట్టి నిర్ణయించుకుంటుంది. గడిలో చదివినప్పుడే రోజు, నెల, సంవత్సరం తేల్చుకుని తేదీగా బంధిస్తే ఆ తరువాత సందేహానికి తావు ఉండదు. మాసచూసెట్స్, న్యూజెర్సీ రాష్ట్రాల జిప్ కోడులు సున్నాతో మొదలవుతాయి. సంఖ్యగా పంపితే ముందున్న సున్నా మాయమవుతుంది, అక్షరాలుగా పంపితే నిలుస్తుంది.

విలువ లేకపోవడం కూడా ఒక సమాచారమే. డేటాబేసు భాషలో దానిని 'నల్' అంటారు. ఫోను నంబరు తెలియదనడం వేరు, ఫోను గడి ఖాళీ మాటతో నిండి ఉన్నదనడం వేరు. ఇందాక చెప్పిన సందేశంలో ఖాళీ మాటకు ముందు 0 అన్న అంకె, విలువే లేనప్పుడు −1 అన్న అంకె వస్తాయి. 'నల్' అన్న ఇంటిపేరు గలవారు నిజంగా ఉన్నారు. వారి పేరు ముందు దాని బైట్ల సంఖ్య 4 వస్తుంది. కనుక ఒక మనిషి పేరును 'ఏమీ లేదు' అని పొరబడే అవకాశం డేటాబేసుకు ఉండదు.

ప్రోగ్రాములు వ్రాసే యువతీయువకులు మరొక తేడా గమనించాలి. కొన్ని సాధనాలలో విలువను కట్టవచ్చు, కొన్నిటిలో విలువ ఉండే పాత్రను కట్టవచ్చు. పీహెచ్‌పీ భాషలోని పీడీఓలో ఈ రెండింటికి రెండు వేర్వేరు ఆదేశాలున్నాయి. విలువను కడితే ఆ క్షణంలో ఉన్నది తీసుకుంటుంది. పాత్రను కడితే అమలు జరిగే క్షణంలో పాత్రలో ఏది ఉంటే అది తీసుకుంటుంది. ఓడిబిసిలో కట్టేది కూడా పాత్ర ఉన్న చోటునే. బీకరుకు చీటీ అంటించి, అందులోని ద్రవాన్ని తరువాత మార్చితే ప్రయోగంలోకి పోయేది మారిన ద్రవమే కదా! 96 గుంటల పనికి పాత్రను కట్టడం సౌకర్యం. కాని అమలుకు ముందే పాత్రను పారవేస్తే ఏమి పోతుందో ఎవరూ చెప్పలేరు. స్థానాల లెక్క విషయంలో కూడా జాగ్రత్త కావాలి. జావాలో వరుసలను 0 నుంచి లెక్కించినా జెడిబిసిలో మొదటి ప్రశ్నార్థకం సంఖ్య 1.

బంధనం చేయలేని పనులు

ఎంత మంచి మందుకైనా హద్దులుంటాయి. ప్రశ్నార్థకం విలువకు మాత్రమే స్థానం. పట్టిక పేరుకు, నిలువు వరుస పేరుకు, ఆరోహణ క్రమమా అవరోహణ క్రమమా అన్నదానికి అది పనికిరాదు. అవి తెలియకుండా వాక్యం అర్థం స్థిరపడదు. వాటిని వాడుకరి ఎంచుకోవలసి వస్తే, ప్రోగ్రాములోనే ఆమోదించిన పేర్ల జాబితా ఒకటి ఉంచి, అందులో ఉన్నదానినే అనుమతించాలి. ఐదు ఊళ్ళ సభ్యులు కావాలంటే ఐదు ప్రశ్నార్థకాలు పెట్టాలి. ఒకే ప్రశ్నార్థకంలో ఐదు పేర్లను కామాలతో ఇరికిస్తే, డేటాబేసు అంత పొడుగు పేరు గల ఊరి కోసం వెదుకుతుంది.

పోలికతో వెదికేటప్పుడు శాతం గుర్తుకు 'ఏమైనా సరే' అన్న అర్థం ఉన్నది. బంధించినా ఆ అర్థం పోదు. విలువ ఆజ్ఞగా మారదు గాని, ఒక్క శాతం గుర్తు టైపు చేసినవారికి అందరి పేర్లూ కనబడవచ్చు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఒకసారి భద్రంగా బంధించి దాచిన విలువను మరునాడు వేరొక ప్రోగ్రాము బయటకు తీసి, "మన డేటాబేసులోదే కదా" అన్న నమ్మకంతో అతికిస్తే మొదటి ప్రమాదం తిరిగి వస్తుంది. సొంత గాదెలో ఉన్నంత మాత్రాన గింజ విత్తనమో విషమో తెలియదు.

కొన్ని సాధనాలు బంధించినట్లు పైకి కనిపించినా, లోపల తామే గుర్తులు చేర్చి అతికించి పంపుతాయి. పీడీఓను మైసీక్వెల్‌తో వాడితే మామూలుగా జరిగేది ఇదే. దానిని ఆపే మీట ఉన్నది. అది ఏ స్థితిలో ఉన్నదో ఒకసారి చూచుకోవడం మంచిది.

మన సంఘాలకు ఒక మాట

సంఘాల వెబ్ పేజీలను తరచుగా స్వచ్ఛందంగా చేసి పెట్టేవారు మన సభ్యులు, కాలేజీలో చదువుతున్న మన పిల్లలు. వారి శ్రమ అభినందనీయం. కార్యవర్గాలు మారుతాయి, పిల్లలు చదువులు ముగించి ఊళ్ళు మారుతారు. పేజీలు మాత్రం అక్కడే ఉండిపోతాయి. ఎప్పుడో జరిగిన ఉగాది వేడుకకు పేర్లు నమోదు చేసుకున్న పేజీ ఈనాటికీ సభ్యుల డేటాబేసుకు తలుపు తెరిచి ఉంచవచ్చు. టాక్‌టాక్ సంస్థకు నష్టం వచ్చినది అటువంటి వారసత్వపు పేజీల వల్లనే.

కనుక కొత్త కార్యవర్గం బాధ్యత స్వీకరించేటప్పుడు జమాఖర్చుల పుస్తకంతోపాటు మూడు ప్రశ్నలకు సమాధానం కూడా అడిగి తీసుకోవాలి. మన డేటాబేసును చేరే పేజీలు ఎన్ని, అవన్నీ ఇంకా అవసరమేనా? ప్రతి పేజీలోను విలువలు బంధింపబడుతున్నాయా, అతికింపబడుతున్నాయా? వెదకడానికి మాత్రమే ఉన్న పేజీకి మార్చే అధికారం, తుడిచే అధికారం ఎందుకు ఇచ్చాము? ఈ ప్రశ్నలు వేయడానికి కంప్యూటరు విద్య అవసరం లేదు. సమాధానం చెప్పగలిగిన యువకులు, యువతులు ప్రతి తెలుగు సంఘంలోను ఉన్నారు.

తమ పిల్లల వయస్సు, ఇంటి చిరునామా సంఘానికి ఇచ్చిన ప్రతి కుటుంబమూ ఆ వివరాలు సంఘం పనికి మాత్రమే ఉపయోగపడతాయన్న నమ్మకంతో ఇచ్చింది. ఆ నమ్మకం నిలవాలంటే బయటి నుంచి వచ్చిన ఏ అక్షరమూ మన డేటాబేసుకు ఆజ్ఞ ఇవ్వకూడదు. ఒక ప్రశ్నార్థకం, దానికి కట్టిన ఒక విలువ - ఈ రెండింటితో తీరే పని ఇది. మన పేజీలను తెరచి చూచి, అతుకులున్న చోట బంధనం చేర్చే పనికి ఈ సంవత్సరమే పూనుకొందాము.